నాలుగు గంటల మేకులు

చీకటి గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదని చాలాకాలం అనుకున్నాను. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాత్రం పొగరు ఉంటుంది. భూమి కింద అంత లోతున ఉన్న చీకటి మా ఊరి సొత్తు. అది చాలదన్నట్టు మా ఇంట్లో విడిగా ఒక గది చీకటి కూడా ఉండేది.

మా నాన్నను మేం అప్పా అని పిలుస్తాం. అప్ప గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. మనుషులను లోపలికి దించి మళ్లీ పైకి లాగే కేజిని నడిపే ఇంజన్ అది. ఆయన పని మాత్రం భూమి పైనే. ఇంజన్ గదిలో కూర్చుని, కింద నుంచి వచ్చే గంటలు విని, ఎన్ని గంటలకు ఏం చేయాలో అది చేసేవాడు. నైట్ షిఫ్టు పడిన వారాల్లో పగలు నిద్రపోవాలి. నిద్ర చాలక ఇంజన్ దగ్గర కునికితే కేజిలో ఉన్నవాళ్ల ప్రాణాలు గాల్లో దీపాలే. అందుకని మా క్వార్టర్స్‌లో పడమటి వైపు ఉన్న చిన్న గది కిటికీ అద్దాలకు తారు పూసేశాడు. తలుపు సందులకు గోనెపట్టా కొట్టాడు. దాన్ని షిఫ్టు గది అనేవాళ్లం. అప్ప అందులో పడుకున్నాడంటే అమ్మ గిన్నె చప్పుడు కూడా కానిచ్చేది కాదు. పగటిపూట ఆ గది గడప తొక్కితే పిల్లల వీపులు చిట్లిపోయేవి.

నేను హైస్కూల్లో ఉండగా గనులు మూతపడ్డాయి. అప్ప కోలారు పట్నం పక్కనున్న తమకలో ఒక చిన్న వర్క్‌షాపులో క్రేన్ నడిపే పనికి కుదిరాడు. అది పగటి పని. షిఫ్టు గదికి పని లేకుండా పోయింది. మా వరుసలో చాలామంది కిటికీలు గీకించి అద్దాలు తెల్లగా చేసుకున్నారు. మా అమ్మ మాత్రం ఊరగాయ జాడీలు, మామిడికాయల బుట్టలు, రాగుల మూట తెచ్చి అందులో సర్దింది. చీకట్లో ఉంటే ఆవకాయ రంగు మారదని ఆమె వాదన. ఆ వాదనలో కొంత కెమిస్ట్రీ ఉందని తరువాత నాకు తెలిసింది కానీ ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంట్లో నాకు మాట్లాడే హక్కు ఉండదు.

చదువు ముగించి కోలారు పట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరాను. ఉద్యోగం చేస్తూనే బెంగళూరులో ఒక మేడమ్ దగ్గర పరిశోధన మొదలుపెట్టాను. వారమంతా కోలారు బస్సు. శనివారాలు, సెలవు రోజులు మా మారికుప్పం స్టేషన్ నుంచి బెంగళూరు రైలు. రైలు మా దగ్గరే బయలుదేరుతుంది కాబట్టి కిటికీ పక్క సీటు ఖాయం. బంగారుపేట దాటాక నిలబడినవాళ్లు నన్ను చూసే చూపు వేరుగా ఉండేది, నేను మాత్రం దర్జాగా ఆన్సర్ పేపర్లు దిద్దుకునేదాన్ని.

నా పరిశోధన ఏమిటని అమ్మ అడిగితే ఇలా చెప్పాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అని మెలితిరిగిన దారం ఒకటి ఉంటుంది. కొన్ని చిన్న అణువులు ఆ దారం దొరికితే చాలు, దాని మెలికల్లో దూరి అతుక్కుంటాయి. కాన్సర్ మందుల్లో కొన్ని ఈ రకమే. చిక్కు ఏమిటంటే మంచి కణం, చెడ్డ కణం అన్న తేడా వాటికి తెలియదు. అందుకని అణువుకు ముందే ఒక తాళం వేసి పంపాలి. తాళం ఉన్నంతసేపు అది దారాన్ని ముట్టుకోలేదు. ఎక్కడ కావాలో అక్కడ మాత్రం వెలుగు పడేస్తే తాళం తెగి, అణువు విడుదలై, అతుక్కుంటుంది. నేను చేస్తున్నది మందు కాదు, మందు చేసే పనిని చూపించే ఒక రంగు. డీఎన్ఏకు అతుక్కుంటే నీలి దీపం కింద ఆకుపచ్చగా మెరుస్తుంది, విడిగా ఉంటే మెరవదు. ఆ నీలి దీపం తాళాన్ని తెంచదు. దానికి ఊదా రంగు, దాని అవతల కంటికి కనిపించని వెలుగు కావాలి. ఎండలో అవన్నీ ఉంటాయి.

అమ్మ అంతా విని, ఇంత చదివి చివరికి రంగులద్దే పనా అంది. పక్కనే పేపరు చదువుకుంటున్న అప్ప తలెత్తి, తాళం వేసిన ఆ అణువును ఏమంటారని అడిగాడు. ఇంగ్లీషులో కేజ్డ్ అంటారని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"ఇంగ అర్థమైంది. గంట కొట్టేదాకా కేజి కదలగూడదు. మీకు వెలుతురే గంట, అంతేనామ్మా?"

అంతే అన్నాను. ఆయన ఆ సాయంత్రం అమ్మకు నాకంటే బాగా చెప్పాడు. అమ్మ ఆయన చెబితే విన్నది, నేను చెబితే వినలేదు. అది మా ఇంటి మామూలు.

వెలుగుకు తాళం తెగడం కష్టమేమీ కాలేదు. దీపం ముందు పెడితే చాలు, తెగేది. కష్టమంతా చీకట్లోనే. చీకట్లో పెట్టినప్పుడు ఆ తాళం నెలల తరబడి నిలబడాలి, తనంతట తాను ఊడిపోకూడదు. ఊడిపోతే అది తాళమే కాదు. చీకట్లో నిలుస్తుందని చూపిస్తే థీసిస్ రాసుకోవచ్చని, నిలవకపోతే ఈ అణువును వదిలేసి మొదటి నుంచి ఇంకొకటి మొదలుపెట్టాలని మేడమ్ ముందే చెప్పింది. అప్పటికి ఆ తాళం కట్టడానికే నాకు కొన్నేళ్లు పట్టింది. ఇంకొకటి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. రైలుకు, బస్సుకు మధ్య నా యవ్వనం అరిగిపోతోందని అమ్మ రోజూ గుర్తుచేసేది.

ల్యాబులో ఒక డార్క్ రూమ్ ఉంది కానీ అందరూ అందులోకే దూరతారు. గంటకోసారి తలుపు తెరుచుకుంటుంది. నెలల పాటు కదిలించకుండా ఒక స్టాండు పెట్టుకోవడానికి చోటు లేదు. మీ ఊళ్లో ఎక్కడైనా మంచి చీకటి గది దొరుకుతుందా అని మేడమ్ అడిగింది. మా ఇంట్లో ఉన్నంత చీకటి బెంగళూరు మొత్తం వెతికినా దొరకదని నేను ఛాతీ విరిచి చెప్పాను. ఆమె నవ్వింది. రంగు నీళ్లు పోసి మూతలు బిగించిన గాజు గొట్టాలను రేకు కాగితంలో చుట్టి, టిఫిన్ బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. రైల్లో రోజూ కలిసే ఆడవాళ్లు ఆ రేకు చూసి చిత్రాన్నం అనుకుని, ఒంటరిగా తింటావా అని సణిగారు. వాళ్లకు తరువాతి వారం నిజంగానే చిత్రాన్నం తీసుకెళ్లాల్సి వచ్చింది.

షిఫ్టు గదిలో గొట్టాలు పెట్టడానికి అరుగు లేదు. నేల మీద పెడితే అమ్మ జాడీలు, ఎలుకలు. తూర్పు గోడకు రెండు మేకులు ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే, అప్ప చొక్కాలు తగిలించుకునేవని అనుకున్నాను. ఆ రెండిటికి తాళ్లు కట్టి ఒక చెక్క పలక వేలాడదీశాను. ఎడమ మేకు కాస్త పైన, కుడి మేకు కాస్త కింద ఉండటంతో పలక సమంగా నిలవడానికి ఒక తాడు పొడవు, ఒక తాడు పొట్టి చేయాల్సి వచ్చింది. అంత పెద్ద ఇంజన్ నడిపిన మనిషికి రెండు మేకులు సమంగా కొట్టడం రాలేదా అని లోపల్లోపల విసుక్కున్నాను. పలక మీద స్టాండు పెట్టి, గొట్టాలను ఒకే వరుసలో నిలబెట్టి, రేకు తీసేశాను. అంత చీకట్లో రేకు ఎందుకు?

నిజానికి ఆ గదిలో చుక్కంత వెలుతురు లేకపోలేదు. కిటికీ పై మూలన, తారు పూతలో, కందిగింజంత చోట అద్దం కనిపించేది. చిన్నప్పుడు ఆదివారం పొద్దుటిపూట ఆ గదిలో దాగుడుమూతలు ఆడుకునేటప్పుడు దాన్ని అప్ప చుక్క అనేవాళ్లం. మాకు అది వెలుతురు కాదు, చీకట్లో ఒక భాగం. అయినా పరిశోధన కదా అని, ఒక ఉదయం కాలేజీ నుంచి వెలుతురు కొలిచే మీటరు తెచ్చి పలక దగ్గర పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు. తలుపు దగ్గరగా వేసి, నేను చెప్పే వరకు ఎవరూ రావద్దని చెప్పి కాలేజీకి పోయాను.

కార్తీకం వెళ్లాక ఎడమ చివర నుంచి కొన్ని గొట్టాలు తీసుకుని రైలెక్కాను. ల్యాబులో వాటిలో డీఎన్ఏ కలిపి నీలి దీపం కింద పెట్టాను. ఒక్కటీ మెరవకూడదు. మొదటి గొట్టమే ఆకుపచ్చగా మెరిసింది. రెండోదీ మెరిసింది. ఇంత అందమైన రంగును చూసి ఏడుపు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తాళం సరిగా లేదేమోనని మేడమ్ అంది. నాకు మాత్రం అనుమానం అమ్మ మీద పోయింది. రోజుకు ఎన్నిసార్లు ఆవకాయ కోసం ఆ తలుపు తెరుస్తుందో నాకు తెలియనిది కాదు. ఇంటికి రాగానే జాడీలన్నీ వంటింట్లోకి మార్చాను. వంటింట్లో చోటు లేక రాగుల మూట హాల్లోకి వచ్చింది. నీ గాజు గొట్టాలకున్న మర్యాద ఇంట్లో తిండికి లేకపోయిందని అమ్మ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నేను భరించాను. సంక్రాంతి వెళ్లాక పలక మీద తరువాతి గొట్టాలు తీసుకెళ్లాను. అవీ మెరిశాయి.

ఈసారి అమ్మకు ఎక్కడలేని హుషారు వచ్చింది. తన పేరు మీద ఉన్న నింద పోయిందని సంతోషం ఒకటైతే, అసలు దొంగను పట్టిచ్చే అవకాశం ఇంకొకటి. తాను ఆ గది వైపు పోవడం లేదని, కానీ మీ అప్ప మాత్రం దినామూ మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీకి ముందు ఆ తలుపు చెయ్యి వెడల్పు తెరిచి, లోపలికి తొంగిచూసి, మళ్లీ మూసేస్తున్నాడని చెప్పింది. అప్పటికి అప్ప వర్క్‌షాపు పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. వెళ్లి అడిగాను. ఊరికే చూసినానమ్మా అన్నాడు. ఏముంది చూడటానికి అంటే, ఏమీ లేదులే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తలుపు తెరిస్తే వెలుతురు లోపలికి పోతుందని తెలిసీ ఇదేం పని అని, అమ్మ ముందే, నోటికొచ్చినట్టు అనేసి, తలుపుకు బీగం వేసి తాళంచెవి నా బ్యాగులో వేసుకున్నాను. అప్ప కాఫీ గ్లాసు తీసుకుని వరండాలోకి పోయాడు.

బీగం వేశాక కూడా మూడోసారి తీసుకెళ్లిన గొట్టాలు మెరిశాయి. ముందటి వాటికంటే కొంచెం తక్కువ, కానీ మెరిశాయి. ఇంక మేడమ్‌కు చెప్పడానికి నా దగ్గర దొంగలు మిగల్లేదు. ఆమె కోప్పడే మనిషి కాదు. కాఫీ తెప్పించి, ఇంగ్లీషులో, చాలా మెత్తగా, తాళం దానంతట అదే ఊడిపోతున్నదని ఒప్పుకుందామని, వచ్చే నెల నుంచి కొత్త అణువు మొదలుపెడదామని చెప్పింది. ఆ మెత్తదనం నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. తిరుగు రైల్లో కిటికీ పక్కనే కూర్చున్నాను కానీ ఏ స్టేషన్ ఎప్పుడు దాటిందో తెలియదు.

ఆ తరువాతి వారంలో ఒకరోజు బంద్ అని బస్సులు ఆగిపోయాయి. కాలేజీ లేదు. పొద్దున్నుంచి నిభాయించుకున్నాను కానీ భోజనం చేస్తుంటే అమ్మ వడ్డిస్తూ, పోనీలేమ్మా అంది. అంతే. ఆమె దెప్పి ఉంటే బాగుండేది, పోనీలే అనేసరికి కంచం వదిలి లేచాను. మా ఇంట్లో తలుపేసుకుని ఏడవడానికి ఉన్నది ఆ గది ఒక్కటే. బీగం తీసి లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసి, పాత చాప పరుచుకుని పడుకున్నాను. కాసేపు ఏడ్చాను. ఆ తరువాత, ఏడ్చినవాళ్లందరికీ వచ్చే మంచి నిద్ర వచ్చింది.

మెలకువ వచ్చేసరికి గోడ మీద ఎండ బిళ్ల ఒకటి ఉంది. అప్పచ్చి అంత, గుండ్రంగా, అంచులు మెత్తగా. పలకకు జానెడు కింద. కలేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే కిటికీ మూలన అప్ప చుక్క, కళ్లు చెదిరేట్టు తెల్లగా ఉంది. సూర్యుడు పడమట దిగుతున్నకొద్దీ ఇక్కడ బిళ్ల గోడ ఎక్కుతోంది. పుట్టి పెరిగిన ఇంట్లో, మధ్యాహ్నం నాలుగు గంటల వేళ, తలుపు మూసి ఉండగా ఆ గదిలో నేను ఉండటం అదే మొదటిసారి. చిన్నప్పుడు ఆ వేళకు రానివ్వలేదు, పెద్దయ్యాక పనిపడలేదు. లేచి కూర్చున్నాను. బిళ్ల మెల్లగా పలక అంచు తాకింది, ఎడమవైపు. గొట్టాలు తీసేసిన ఖాళీ సందుల మీదుగా పాకి, మిగిలినవాటిలో మొదటి గొట్టాన్ని పట్టుకుంది. లోపల రంగు నీళ్లు తళుక్కుమన్నాయి. కాంతి మీద పరిశోధన చేస్తున్న మనిషిని నేను, దాన్ని అలా కూర్చుని చూస్తున్నాను.

అప్పుడే తలుపు చెయ్యి వెడల్పు తెరుచుకుంది. అప్ప. బీగం లేకపోవడం చూసి వచ్చినట్టున్నాడు. నన్ను చూసి దొరికిపోయినట్టు ఆగాడు. లోపలికి రమ్మని, తలుపు మూయమని చెప్పాను. చీకట్లో మేమిద్దరం, మధ్యలో ఆ బిళ్ల.

"అప్పా, ఇది యాడనుంచి వచ్చింది?"

"యాడనుంచేమి, నేనే తారు గీకినాను. నైట్ షిఫ్టులో లేచేదానికి. అలారం పెడితే మీరు చిన్నపిల్లోళ్లు, బెదురుకొని లేస్తారని. చలికాలంలో ఈ పక్క మేకు మీదికి వస్తే నాలుగు. ఎండాకాలంలో ఆ పక్క మేకు."

రెండు మేకులు ఎందుకు ఎక్కువతక్కువగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. కాలాన్ని బట్టి సూర్యుడు జరుగుతాడు, బిళ్ల జరుగుతుంది, అందుకే ఒక్కో కాలానికి ఒక్కో మేకు. మేం చొక్కాల కొక్కేలనుకున్నవి ఆయన గడియారం ముళ్లు. నేను సరిగ్గా ఆ గడియారానికే నా చీకటిని వేలాడదీశాను. ఊరంతా వెతికినా నాలుగు గంటల ఎండ అంత కచ్చితంగా పడే చోటు ఇంకొకటి దొరకదు.

"పలక తగిలించినప్పుడు చెప్పలేదేమి మరి?" అని అడిగాను. గొంతులో కోపం ఉందో లేదో నాకే తెలియదు.

అప్ప ఆశ్చర్యపోయాడు.

"నువ్వే కదమ్మా చెప్పినావు, వెలుతురు తగిల్తే తెరుచుకుంటాదని. నాలుగింటి ఎండ కావాలనే ఆడ పెట్టినావనుకొంటి. మేకులకు మళ్లా డ్యూటీ వచ్చింది అనుకొంటి. సరిగ్గా తగల్తా ఉండాదా లేదా అని దినామూ చూసిపోతా ఉంటి."

నాకు నవ్వొచ్చింది. ముందు నవ్వు, వెంటనే ఏడుపు, మళ్లీ నవ్వు. ఆయన ఊరికే తొంగిచూడలేదు. డ్యూటీ చేశాడు. ఇంజన్ గదిలో గంట విని కేజి కదిపినట్టే, ఇక్కడ నా పని సరిగ్గా నడుస్తున్నదా అని ఏరోజుకారోజు చూసిపోయాడు. నేను బీగం వేసిన రోజు నుంచి ఆ పని కూడా లేకుండా చేశాను. ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం ఆ బిళ్లను చూస్తూ ఉన్నాం. అది ఎడమవైపు రెండు మూడు గొట్టాలను తడిమి, వాటి మీదుగా గోడ ఎక్కి, మేకు మీదికి పోయి కూర్చుంది. కుడివైపు సగం పలక చీకట్లోనే ఉండిపోయింది.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. బిళ్ల కుడివైపుకు పోలేదు. చలికాలమంతా ఎడమ మేకు చుట్టుపక్కలే తిరిగింది, ఎండాకాలం ముదిరితే గానీ కుడి చివరకు చేరదు. నేనేమో బుద్ధిమంతురాలిలా ప్రతిసారీ ఎడమ చివర నుంచే గొట్టాలు తీసుకెళ్లాను. కుడివైపువి ఒక్కటీ పరీక్షించలేదు. అవి ఇన్ని నెలలుగా చీకట్లో ఉన్నాయి. తాళం మంచిదైతే అవి ఒక్కటీ మెరవకూడదు. మంచిది కాకపోతే అన్నీ మెరుస్తాయి. నా థీసిస్ అంతా ఆ పలక కుడివైపు నిలబడి ఉంది. అప్ప ఏమైందమ్మా అని అడుగుతుండగానే పోయి రేకు కాగితం తెచ్చి గొట్టాలు చుట్టడం మొదలుపెట్టాను.

శనివారం రైల్లో బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చిత్రాన్నం అడిగినవాళ్లకు వచ్చే వారం తెస్తానని చెప్పాను. ల్యాబులో మేడమ్ పక్కన నిలబడగా, గొట్టాలను ఇంట్లో ఉన్న వరుసలోనే నిలబెట్టి, ఒక్కొక్క దానిలో డీఎన్ఏ చుక్కలు వేశాను. తొందరలో ఒకటి ఒలికింది. లైట్లు ఆర్పి నీలి దీపం వేశాం. ఎడమ చివరది ఆకుపచ్చగా మెరిసింది. దాని పక్కది కొంచెం తక్కువ. దాని పక్కది ఇంకా తక్కువ, సాయంత్రపు మబ్బులా. ఆ తరువాత నల్లగా ఉన్నాయి. కుడి చివర దాకా అన్నీ నల్లగా, ఒక్కటీ మెరవకుండా, తాళాలు వేసుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

మేడమ్ వంగి ఒక్కొక్క గొట్టాన్నీ మళ్లీ చూసింది. ఎడమవైపు వెలుగు ఎక్కడిదని అడిగింది. చెప్పాను. తారు కిటికీ, కందిగింజంత చోటు, రెండు మేకులు, కాఫీకి ముందు తలుపు తెరిచే మా అప్ప, అన్నీ చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరువాత కళ్లు తుడుచుకుని, కథ బాగానే ఉంది, ఇప్పుడు రేకు చుట్టినవి కొన్ని, చుట్టనివి కొన్ని పెట్టి, లెక్క తెలిసిన దీపంతో మళ్లీ మొదటి నుంచి చేసుకు రమ్మంది. ఆమె మేడమ్ కదా. చేశాను. రేకులో ఉన్నవి నెలల తరబడి నల్లగానే ఉన్నాయి. నా నెత్తిన పాలు పోసినట్టయింది. థీసిస్ రాశాను, ప్రశ్నలడిగినవాళ్లకు జవాబులు చెప్పాను, అయిపోయింది. అందులో మేకుల సంగతి ఎక్కడా లేదు. దీపం అని మాత్రం ఉంది.

పని ముగిశాక పలక విప్పి, తాళ్లు తీసేశాను. జాడీలు మళ్లీ షిఫ్టు గదిలోకి వచ్చాయి, అమ్మ ముఖంలో కళ వచ్చింది. అప్ప మధ్యాహ్నం నిద్రకు మళ్లీ ఆ గదికే మారాడు. ఒక సాయంత్రం మాటల మధ్య, ఇంగ ఆ మేకులకు ఏమీ పని లేదు కదా అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట బస్సులో కూడా వినిపిస్తూ ఉంది.

ల్యాబులో తాళం తెగిన రంగు కొంచెం మిగిలింది. దాన్ని డీఎన్ఏతో కలిపి ఒక గొట్టంలో మూత బిగించి తెచ్చి మేకుకు వేలాడదీద్దామనుకున్నాను. ల్యాబులో వాడే డీఎన్ఏ చేపలది. ఆ సంగతి అమ్మకు చెప్పడం నా తప్పు. మనింట్లో గోడకు చేపను వేలాడదీస్తావా అని అడ్డం నిలబడింది. సరేనని, కాలేజీలో మా విద్యార్థులతో చేయించినట్టే, ఉప్పు, సబ్బునీళ్లు, చల్లటి స్పిరిటు పోసి టమాటా పండ్ల నుంచి డీఎన్ఏ తీశాను. పండ్లు అమ్మే ఇచ్చింది. కోలారులో టమాటాకు కరువా? పట్టు దారంలా తెల్లగా తేలితే పుల్లతో చుట్టి తీసి, రంగులో కలిపి, గొట్టాన్ని ఎడమ మేకుకు కట్టాను.

మరునాడు సెలవు. మధ్యాహ్నం ముగ్గురం గదిలో తలుపేసుకుని కూర్చున్నాం. అమ్మ జాడీ పక్కన పీట వేసుకుంది. బిళ్ల గోడ ఎక్కుతూ వచ్చి, మేకు దగ్గర గొట్టాన్ని తాకింది. ఎండలో నీలం కూడా ఉంటుంది కదా. ఆ చీకట్లో గొట్టం ఆకుపచ్చగా, లేత వరి మొలకలా వెలిగింది. చాలాసేపు కాదు. బిళ్ల దాటిపోగానే ఆరిపోయింది. అమ్మ నోటి వెంట మాట రాలేదు, అది మా ఇంట్లో పండగ లాంటిది.

ఇప్పటికీ అది ఆ గోడకే ఉంది. కాలం మారితే అప్ప దాన్ని ఒక మేకు నుంచి ఇంకో మేకుకు మారుస్తాడు. రోజూ ఎండ తగిలి తగిలి రంగు వెలిసిపోతే, బల్బు మార్చే టైమైందమ్మా అని నాకు చెబుతాడు, నేను కొత్తది చేసి తెస్తాను. వయసు మీద పడింది, మోకాళ్లు నొప్పి, అయినా నాలుగు గంటల లోపే లేచి, చాప మీద కూర్చుని, గోడ వైపు చూస్తుంటాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, షిఫ్టు లేదు, డ్యూటీ లేదు, ఇప్పుడు అంత కచ్చితంగా లేచి ఎక్కడికి పోవాలని.

"ముందర పోయేదానికి లేస్తా ఉంటినమ్మా," అన్నాడు. "ఇప్పుడు చూసేదానికి లేస్తా ఉండాను."

గొట్టం వెలిగింది, ఆరింది. ఆయన లేచి తలుపు తీశాడు. అమ్మ కాఫీ కలిపింది.